అయిదు సూత్‌ల కత్తి

కొత్త మంగలికత్తి డబ్బా విప్పంగనే, కత్తిని ముంజేతి వెంట్రుకల మీద పెట్టి చూసిన. ఒక్కటంటే ఒక్కటి తెగలే. పెట్టె మీదనేమో ‘గడ్డం గీసుకోవడానికి సిద్ధం’ అని ఇంగ్లీషుల పెద్ద పెద్ద అక్షరాలు. దాంతోటి ఉల్లిగడ్డ కోద్దామని పోతే ఉల్లిగడ్డే నవ్వేటట్టున్నది. తొమ్మిది వందల నలభై రూపాయలు పెట్టిన.

నేను కాజీపేట రైల్వే డీజిల్ షెడ్ల ఫిట్టర్ను. ఇరవై ఆరేండ్లాయె ఇనుముతోటి కొట్లాడవట్టి. మంగలికత్తి నూరుడు అదెంత పని, ఒక ఐతారం కూసుంటే అయిపోతది అనుకున్న. మూడు నెలలు పట్టింది. ఈ మూడు నెలలల్ల రెండు కత్తులు, ఒక నూరుడు రాయి, ఒక తోలు పట్టీ, ఒక సాన దుకాణం చూసిన. అన్నిటి మీద నా అభిప్రాయం రాస్తున్న. కొత్తగ కొందామనుకునేటోళ్లకు పైసలన్న మిగులుతయి, నెత్తురన్న మిగులుతది.

గడ్డానికి ఇంత తతంగం ఎందుకంటే, నా మెడ మీద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటయి. మూడు బ్లేళ్ల రేజరు వాడినన్ని రోజులు కాలర్ తగిలేకాడ ఎర్రగ పొక్కులు. ముందటి బ్లేడు వెంట్రుకను జర పైకి గుంజుతది, ఎనుక బ్లేడు దాన్ని తోలు మట్టం కంటె కిందికి కోస్తది. ఆ మొన మళ్ల మొలిచేటప్పుడు బయటికి రాక లోపల్నే వంకర పోతది. ఒక్క అంచు ఉన్నదే వాడు, బాధ తగ్గుతదని చర్మం డాక్టరు చెప్పిండు. ఆ లెక్కన రెండు పక్కల పదునుండే బ్లేడు పెట్టే పాత రకం రేజరు సరిపోతది, చవుక, సులువు. ఎవలన్న అడిగితె నేను ముందుగాల అదే కొనుమంట. కాని నాకు ఒక చప్పుడు చిన్నప్పటి నుంచి చెవులల్ల ఉన్నది.

మాది పర్కాల దిక్కు ఊరు. ఐతారం పొద్దుగాల మా బాపు ఏపచెట్టు కింద పీట మీద కూసునేది. మంగలి మామ అడపం విప్పి, కత్తి తీసి, ఎడమ అరచెయ్యి చాపి దాని మీద అటు ఒక రాత, ఇటు ఒక రాత. చప్, చప్. చప్, చప్. అరచెయ్యి తెగదా అని నేను కండ్లు పెద్దగ చేసి చూసేది. అప్పుడు గడ్డానికి పైసలు లెవ్వు, పంట వచ్చినంక కల్లం కాడ మామకు మేర కొలిచి పెట్టుడే. ఆ చప్పుడు ఇప్పుడు సెలూన్లల్ల ఇనవడది. సెలూన్ల వాడేది మంగలికత్తి లెక్కనే కనవడ్తది గని, దాంట్ల సగానికి విరిచిన బ్లేడు ఉంటది. ఎయిడ్స్ భయం వచ్చినంక మనిషికో కొత్త బ్లేడన్నరు, మంచిదే అయింది. కాని దానికి రాయి లేదు, తోలు లేదు. నేను మొదాలు అదే నూట ఇరవైకి కొని చూసిన. చేతుల బరువు తెల్వది, తప్పు చేస్తె మాఫ్ చెయ్యది. దవడ మీద రెండు గాట్లు పడ్డంక మూలకేసిన.

అసలు కత్తి కొనేటప్పుడు ముందు చూసుకోవాల్సింది వెడల్పు. దీన్ని అంగుళంల ఎనిమిదో వంతులల్ల చెప్తరు: 4/8, 5/8, 6/8, 7/8. చూస్తె లెక్కల పుస్తకం లెక్కుంటది గని, మన వడ్లోళ్లు, ఫిట్టర్లు దినాం అనే సూతే ఇది. అంగుళానికి ఎనిమిది సూత్‌లు. 5/8 అంటె అయిదు సూత్‌ల కత్తి, పదహారు మిల్లీమీటర్లకు వెంట్రుకంత తక్కువ. మొదటిసారి పట్టెటోనికి అయిదు గాని, ఆరు గాని. నాలుగు సూత్‌లదైతె రెండు గీతలకే నురగ నిండుతది, కడుక్కుంట కూసోవాలె. ఏడు, ఎనిమిదివైతె ముక్కు కింద తిరగవు.

తర్వాత పొట్ట. కత్తి పలకను రెండు పక్కల లోపలికి ఎంత తొలిచిండ్రు అన్నది. తొలవకుంటె అది సన్నటి చీల లెక్క బరువుగ ఉంటది. నిండ తొలిస్తె అంచుకాడ కాయితమంత పలుచన, గోటితోటి మీటితె గణగణ మోగుతది. చర్మం మీద నడిచేటప్పుడు కూడ సన్నగ పాడుతది, ఏ వెంట్రుక తెగింది, ఏది తెగలే అన్నది చెవికే తెలుస్తది. అందుకే చానమంది మొదటికి నిండ తొలిచినదే మంచిదంటరు. సగం తొలిచినదైన నాకు ఫరక్ కనవడలే. కత్తి కొస మాత్రం గుండ్రంగ ఉండాలె, దీంట్ల బేరం లేదు. చతురస్రంగ ఉన్న కొస చెవి తమ్మెకు ఎప్పుడు ఎదురుపడ్తదో చెప్పరాదు.

ఉక్కు సంగతి. స్టెయిన్‌లెస్ అయితె తుప్పు బాధ తక్కువ, కాని రాయి మీద మొండికేస్తది. కార్బన్ ఉక్కు తొందరగ పదునెక్కుతది, తడి ఉంటె అంతే తొందరగ తుప్పెక్కుతది. జర్మనీల సోలింగెన్, ఇంగ్లండుల షెఫీల్డ్, ఫ్రాన్సుల తియేర్, ఈ మూడు ఊర్లు కత్తులకు పేరుబడ్డవి. సోలింగెన్ పేరుకైతె జర్మనీల 1938 నుంచి చట్టమే ఉన్నది, అక్కడ చెయ్యని సరుకు మీద ఆ పేరు కొట్టరాదు. ఇదంత చదువుకుంట పోతె నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు ఇక్కడిదాంక వచ్చెటోళ్లు, డమాస్కస్ కత్తులకు పోయిన సరుకు అది. మన దిక్కు ఉక్కును వాళ్లు ‘వూట్జ్’ అన్నరు. లండన్ల కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్, మైకేల్ ఫారడే కలిసి ఆ వూట్జ్‌ను ముందట పెట్టుకొని ప్రయోగాలు చేసి 1820ల వ్యాసం రాసిండ్రు. కరెంటు ఫారడేనే, ఇంకొకలు కాదు. కోనసముద్రం ఉన్న రాష్ట్రంల పుట్టి నేను ఆన్‌లైన్ల ఊరు పేరు లేని కత్తి కొన్న.

దాన్ని చెక్ చేసిన తీరు చెప్త, మీకు కూడ పనికొస్తది. మందమైన అద్దం పలక మీద కత్తిని పడుకోబెట్టాలె. వెన్ను, అంచు రెండు పొడుగునా అద్దానికి ఆనాలె. నాది ఊయల లెక్క ఊగింది. షెడ్డు అలవాటు కొద్ది సందులు కొలిచే ఫీలర్ గేజి తీసి పెడితె, మడమ కాడ, అంటె అంచు పిడి దిక్కు మొదలయ్యేకాడ, 0.10 మిల్లీమీటర్ల రేకు ఆగకుంట లోపలికి పోయింది. అంటె పలకే వంకర. తర్వాత ట్యూబ్‌లైట్ కింద అంచును కండ్లకు ఎదురుంగ పట్టిన. పదునున్న అంచు కనవడది, ఎందుకంటె వెలుగు తిరిగి కొట్టెటందుకు అక్కడ జాగ ఉండది. నా కత్తికి ఈ చివరి నుంచి ఆ చివరి దాంక తెల్లటి దారం గుంజినట్టు గీత మెరుస్తున్నది. వాపస్ తీస్కోమంటె, విప్పిన కత్తి తీస్కోమన్నరు. విప్పకుంట మొద్దుదని ఎట్ల తెలుస్తది అని రాసిన, జవాబు లేదు. ఆ కత్తికి ఒక్క నక్షత్రం. పిడికున్న మొల మంచిగ బిగించిండ్రు, దాని కోసం.

సరే, వంకర జరంతనే గద, అంచు పెట్టిస్తె నడుస్తది అని వరంగల్ల ఒక సాన దుకాణానికి తీస్కపోయిన. పేరు చెప్ప, తప్పు నాదే గనుక. అరవై రూపాయలన్నడు, ఇచ్చి చాయ తాగెటందుకు పోయిన. వచ్చెవరకు చక్రం మీద రవ్వలు చిచ్చుబుడ్డి లెక్క లేస్తున్నయి. నీళ్లు లెవ్వు, ఏం లెవ్వు. చేతుల పెట్టంగనే వేడి. అంచు పొంటి నెమలి మెడ మీది నీలం.

ఆ నీలం చూస్తె ఏ కమ్మరికైన కడుపుల చెయ్యి పెట్టినట్టయితది. ఉక్కును కాల్చి ముంచినంక, పెళుసు పోవాలని మళ్ల సన్నగ కాస్తరు. రెండు వందల డిగ్రీలు దాటంగనే గడ్డి రంగు, మూడు వందల దిక్కు పోతె నీలం. కత్తి పదును నిలువాలంటె గడ్డి రంగు కాడనే ఆగాలె. నీలం వచ్చిందంటె ఆ మేర మెత్తబడ్డట్టే. మళ్ల ఎంత నూరినా గడ్డం మీద నాలుగు గీతలకే అంచు మలుగుతది. అంత పలుచని ఇనుము మీదికి వేడి ఎక్కెటందుకు ఒక్క గడియ చాలు. ఇరవై ఆరేండ్ల ఫిట్టర్ను, నిలవడి చూసుకోకుంట చాయకు పోయిన. ఆ దుకాణపాయన మాత్రం ఏం చేస్తడు, ఆయన చక్రం కొడవండ్లకు, కత్తెర్లకు. మా ఇంటామె కుట్టు కత్తెర ఇప్పటికి అక్కడ్నే పట్టిస్త, బట్ట మీద నీళ్లు పారినట్టు పోతది. కత్తెరకు నాలుగు నక్షత్రాలు. మంగలికత్తిని తీస్కొని ఏ చక్రం కాడికి గాని పోకుండ్రి.

సద్దుల బతుకమ్మకు ఊరికి పోయిన. మామకు ఇప్పుడు డెబ్బై దాటినయి. కొడుకు హన్మకొండల సెలూన్ నడుపుతడు, మామ పని బందు పెట్టి చానా ఏండ్లాయె. నా కాలిన కత్తి చేతుల పెడితె తిప్పి తిప్పి చూసిండు.

“ఏంది అల్లుడా ఇది?”

“మంగలికత్తి, మామా.”

“కాదు. ఇది కత్తి బొమ్మ.”

ఇంట్లకు పోయి అటక మీది అడపం దించిండు. తోలు ఎండి చెక్కలైంది. లోపల గోరు తీసేది, అరచెయ్యంత నల్లటి రాయి, నాలుగు కత్తులు. మూడింటికి అంచుల మీద తుప్పు తిన్న గుంటలు. అసొంటివి పది రూపాయలకు వచ్చినా వద్దు, గుంట అంచు దాంక వస్తె రాయి మీద ఎంత అరగదీసినా కొత్త గుంట బయటపడ్తనే ఉంటది. నాలుగోది మీద తుప్పు పలక నడుముకే ఉన్నది. కొమ్ము పిడి, ఒక పక్క పెచ్చు లేసింది. తోక మీద సగం అరిగిన అక్షరాలు, బూతద్దం పెట్టి చూస్తె సోలింగెన్. వెన్ను రెండు పక్కల ఒక్క తీరుగ అరిగింది. అంటె ఇన్నేండ్లు నూరిన చెయ్యి ఒక్కటే, ఆ చెయ్యి తప్పు చెయ్యలే. అద్దం లేదు గనుక మామ ఇంటి గచ్చు మీదనే పెట్టి చూసిన, ఊగలే.

పైసలు వద్దన్నడు. అయిదు వందలు జేబుల కుక్కిన, ఒక తువ్వాల కప్పిన. అప్పటిదాంక కత్తుల మీద నేను పెట్టిన ఖర్చుల ఇదొక్కటే దండుగ కాలే. మీ ఊర్లె కూడ ఇసొంటి అడపం ఏదో అటక మీద ఉంటది. ఆన్‌లైన్ల వెతికే ముందు ఒకసారి అడుగుండ్రి, మర్యాదగ అడుగుండ్రి.

తుప్పు తీసెటందుకు మూడు సాయంత్రాలు పట్టింది. కుట్టుమిషన్ నూనె, నీళ్ల సాన కాయితం. అంచు దిక్కు వేళ్లు పెట్టకుంట వెన్ను నుంచి బయటికే రుద్దాలె. ఇగ రాయి.

నేను తెప్పించింది కింగ్ 1000/6000, జపాన్ రాయి, ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు. మూడు వేలకు జర తక్కువ పడ్డది. గరుకు పక్కను బుడగలు ఆగేదాంక నీళ్లల్ల నానబెట్టాలె, నునుపు పక్కకు పైన నీళ్లు చల్లితె సాలు. కొత్త రాయి చదునుగ ఉంటదనుకునేరు, ఉండది. పైన పెన్సిల్‌తోటి గళ్లు గీసి, అద్దం మీద పరిచిన 400 నంబరు నీళ్ల కాయితం మీద రుద్దితె, నడిమిట్ల గీతలు అట్లనే ఉండి అంచుల పొంటి పోయినయి. అన్ని గళ్లు చెరిగిపోయేదాంక రుద్దిన. వారం వారం వాడేటోళ్లు ఇది మరువకుండ్రి. రాయి పల్లంగ ఉంటె కత్తి కూడ అట్లనే తయారైతది.

మంగలికత్తిల ఉన్న తెలివి ఏందంటె, దీన్ని నూరేటప్పుడు కోణం ఎంత అని లెక్క చూసుకునే పని లేదు. వెన్నును, అంచును రెండింటిని రాయికి ఆనిస్తె కోణం దానంతట అదే వస్తది. నా కత్తి వెన్ను 4.6 మిల్లీమీటర్లు, వెడల్పు 15.6. లెక్క కడితె రెండు పక్కలు కలిపి దాదాపు 17 డిగ్రీలు. చేసినోడు ఎప్పుడో జర్మనీల కూసొని నా కోసం లెక్క కట్టి పెట్టిండు. అరిగిన వెన్ను ఇంక అరగొద్దని కరెంటు టేపు ఒక వరుస అంటించిన. టేపు పెడితె చివరిదాంక పెట్టాలె, నడుమ తీస్తె కోణం మారుతది.

రెండు వారాలు నూరిన. పదును రాలే. అంచుకు నల్ల మార్కర్ పూసి నాలుగు సార్లు తిప్పితె, రంగు వెన్ను దిక్కున పోయింది, కొసాకరు అంచు మీద అట్లనే ఉన్నది. అంటె రాయి అంచుకు తగుల్తనే లేదు. ఇంక గట్టిగ ఒత్తిన. గట్టిగ ఒత్తితె పలుచని పలక విల్లు ఒంగినట్టు ఒంగుతది, ఒంగినప్పుడు ఎక్కడనో తగుల్తది, ఎత్తినప్పుడు ఇంకోతీరు ఉంటది. చివరికి మామకు ఫోన్ చేసిన. ఆయనకు చేతులు, కండ్లు మునుపటి తీరు నడవకున్నా చెవులు మంచిగున్నయి. “స్పీకర్ పెట్టి నూరు, ఇంట” అన్నడు. పది సార్లు నూరిన.

“అల్లుడా, గునపం నూరుతున్నవా? కత్తి బరువు కత్తికున్నది. నీ బరువు పీట మీద పెట్టు.”

అంతే. వేలు తీసి, పిడి మెడను రెండు వేళ్లతోటి పట్టి, వట్టిగ జార్చిన. రాయి రెండున్నర అంగుళాల వెడల్పు, కత్తి మూడు అంగుళాలు, అందుకే ఐమూలగ పోవాలె, మడమ కాడ మొదలు వెట్టి కొస కాడ దిగాలె. పదును వైపు ముందుకు. చివర తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పాలె. రాత్రి పదకొండున్నరకు, ముప్పై అయిదో రాతనో ముప్పై ఆరో రాతనో, రాయి మీది నీళ్లు మొదటిసారి వేరే తీరుగ నడిచినయి. అంతకుముందు కత్తి కిందికెల్లి పోయే నీళ్లు, ఇప్పుడు అంచు ముందు సన్నటి కట్ట కట్టినట్టు లేసి, కొంచెం పలక మీదికి ఎక్కుతున్నయి. అంచు రాయికి నిండుగ ఆనింది. చప్పుడు కూడ మారింది, గరగర పోయి బట్ట చింపినట్టు ఒక్క తీరు. ముంజేతి మీద తోలు మట్టానికి పెడితె వెంట్రుకలు రాలినయి. ఆ మాట ఎవలికి చెప్పాలె, ఇంట్ల అందరు నిద్ర. రెండు పక్కల మార్కర్ పూసి మళ్ల చూసి, ఊకున్న.

గరుకు పక్క పని అయ్యేదాంక నునుపు పక్కకు పోవద్దు. నేను తొందరవడి పోయి రెండుసార్లు ఎనుకకు వచ్చిన. నునుపు మీద నలభై రాతలు, నీళ్లు మార్చుకుంట. తర్వాత పచ్చ పేస్టు. క్రోమియం ఆక్సైడ్, దాని గింజ సైజు సుమారు అర మైక్రాన్. పాత తోలు ముక్క మీద వేలికొసంత రాసి పన్నెండు రాతలు. ఇంకా నునుపుండే 12000 నంబరు రాయి కొనమంటరు, నా దగ్గర లేదు, దాని ధర మా ఇంటామెకు చెప్పెటంత ధైర్యం కూడ లేదు. కింగ్ రాయికి నాలుగున్నర నక్షత్రాలు. నునుపు పక్క జర మెత్తన, గోరు తగిలితె గాటు పడ్తది, అందుకు అర తగ్గించిన.

తోలు పట్టీ ఆన్‌లైన్ల వేయి, పన్నెండు వందలు చెప్పుతున్నరు. నేను చెప్పులు కుట్టే పెద్దమనిషి దగ్గర బర్రె తోలు తీస్కున్న, రెండున్నర అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల పొడుగు, మచ్చ లేని ముక్క. రెండు వందలు తీస్కొని, కొసలకు రెండు ఇనుప కడియాలు కుట్టి ఇచ్చిండు. తోలు కంటె ముందు కత్తిని రుద్దే బట్ట పట్టీకి నార బట్ట వాడుతరట బయట. నేను మంచానికి అల్లే నూలు నవారు ముక్క పెట్టిన. రెండుసార్లు ఉడకబెట్టి గంజి తీసి, ఆరినంక గుంజి కట్టిన. ముందు నవారు మీద ముప్పై, తర్వాత తోలు మీద అరవై, గడ్డం చేసే ప్రతిసారి. రాయి మీద పదును ముందుకు పోతె, ఇక్కడ వెన్ను ముందుకు పోవాలె, పదును ఎనుక ఈడ్చుకుంట రావాలె. మొదటి రోజే ఆ సంగతి మరిచి వెన్నుకు బదులు అంచు మీద తిప్పిన. కొత్త తోలుకు బొటనవేలంత నాలుక లేసింది. అతికించి, సాన కాయితం పట్టిన. ఇప్పటికి ఆ మచ్చ కాడికి రాంగనే చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తది. పెద్దమనిషి పనికి అయిదు నక్షత్రాలు. నవారుకు కూడ అయిదు.

ఇగ గడ్డం. మొదటి రెండు వారాలు చెంపలే, మెడ పాత రేజరుతోటే. వేడి నీళ్లతోటి కడిగి, సబ్బు నురగ బ్రష్షుతోటి గుండ్రంగ రుద్ది, రెండు నిమిషాలు ఆగాలె. ఎడమ చేత్తోటి చర్మాన్ని పైకి గుంజి పట్టుడే సగం పని. చర్మం వదులుంటె కత్తికి అల కనవడ్తది, అల మీద కత్తి ఆగది. అంచు, చర్మం నడుమ ముప్పై డిగ్రీలంటరు. అద్దంల డిగ్రీలు ఎవలు చూస్తరు? వెన్నును చర్మం నుంచి దాని మందానికి జర ఎక్కువ ఎత్తుల పట్టితె సరిపోతది. వెంట్రుక ఎటు వాలితె అటే. ఎదురు గీసుడు ఇంక రాలేదు, నేర్చుకునే తొందర కూడ లేదు.

మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది. చెవి కింద ఒకటి, గదమ కాడ ఒకటి, రెండు గాట్లు. పటిక ముక్క తడిపి రుద్దిన, కిరాణంల పది రూపాయలది. అది అబద్ధం ఆడది, ఎక్కడ ఒత్తినవో అక్కడ్నే సుర్రుమంటది. మొదటి రోజు మొఖమంత సుర్రుమన్నది. నెలకు వచ్చెవరకు ఎడమ దవడ కింద ఒక్కచోటే మిగిలింది. ఇప్పుడు ఇరవై నిమిషాలల్ల అయిపోతది. మెడ మీది పొక్కులు ముప్పాతిక వంతు పోయినయి. పొద్దుగాల ఆరు గంటల డ్యూటీ ఉన్న రోజు నేను కూడ దీన్ని ముట్ట, పాత రేజరే. నిద్రమత్తుల చేసే పని కాదిది.

ఒక్క నష్టం చెప్పాలె. ముసురు పట్టిన వారంల ఒకనాడు తుడిచి బాత్రూం గూట్లనే పెట్టిన. తెల్లారి అంచు పొంటి ఆవాల గింజకంటె చిన్న ఎర్ర చుక్కలు. పచ్చ పేస్టు మీద పోయినయి గని పానం పోయింది. అప్పటి నుంచి తుడిచినంక ఫ్యాను కింద పది నిమిషాలు పెట్టి, నూనె రాసి, పాత కాటన్ గుడ్డల చుట్టి బీరువల పెడ్తున్న. పట్టుచీరల పక్కన కత్తి ఏంది అని ఇంటామె లొల్లి.

మొన్న ఊరికి పోయినప్పుడు కత్తి తీస్కపోయిన. మామ బొటనవేలి గోరు మీద ఆనించి, జరంత ఈడ్చి చూసిండు. “మంచిగనే చేసినవ్” అన్నడు. అంటనే ఎడమ అరచెయ్యి చాపిండు. నా నవారు, నా బర్రె తోలు, నా పచ్చ పేస్టు ఏది అడగలే. ఆ అరచెయ్యి మీద చర్మం అరిగి అరిగి నున్నటి పట్టీ లెక్కనే ఉన్నది. చప్, చప్. ఇరవయ్యో ఇరవై అయిదో సార్లు. నేను మళ్ల చిన్నప్పటి లెక్కనే కండ్లు పెద్దగ చేసి చూసిన. ముడిచి చేతుల పెట్టిండు.

తెల్లారి గీసుకున్న. ఎడమ దవడ కింద, దినాం పటిక సుర్రుమనే కాడ, సుర్రుమనలే. నా నూరుడుకు నేను ఇచ్చుకున్న నాలుగు నక్షత్రాలు మూడు చేసిన.